మెంబర్‌షిప్ ఉంచుకున్నాను, సీఓపీ వదిలేశాను

ఏప్రిల్ వచ్చిందంటే చార్టర్డ్ అకౌంటెంట్లందరికీ మా వృత్తి సంస్థ అయిన ఇన్‌స్టిట్యూట్ నుంచి ఏడాది ఫీజు కట్టమని మెయిల్ వస్తుంది. మెంబర్‌షిప్‌కి ఒకటి, ప్రాక్టీస్‌లో ఉంటే సీఓపీకి, అంటే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్‌కి ఇంకొకటి. సెప్టెంబర్ 30 దాకా గడువు. ప్రాక్టీస్ బాగా నడిచిన రోజుల్లో ఆ ఫీజు గురించి నేను ఆలోచించిందే లేదు. మెయిల్ రాగానే కట్టేసి పనిలో పడేదాన్ని. ఒక ఏడాది మాత్రం కట్టాలా వద్దా అని నెలల తరబడి తేల్చుకోలేకపోయాను.

మామయ్యగారికి పక్షవాతం వచ్చింది, పిల్లలిద్దరూ ఇంకా చిన్నవాళ్లు. గుంటూరులో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. అక్కడ పని కూడా అంతకుముందే తగ్గుతూ వచ్చింది. నగదు లావాదేవీలు 5 శాతం దాటని వ్యాపారాలకు ట్యాక్స్ ఆడిట్ పరిమితిని 2021 బడ్జెట్‌లో 10 కోట్లకు పెంచారు. నా దగ్గరికొచ్చే చిన్న వ్యాపారులు చాలామందికి ఆడిట్ అవసరమే లేకుండా పోయింది. అదే ఏడాది జీఎస్టీ వార్షిక లెక్కల మీద సీఏ సంతకం అక్కర్లేదన్నారు, వ్యాపారే స్వయంగా ధ్రువీకరించుకుంటే చాలు. వ్యాపారులకు ఇవి మంచి మార్పులే. కానీ నాలాంటి చిన్న ప్రాక్టీస్‌కు ఆ రెండే ప్రధానమైన ఆదాయం.

మిగిలింది సర్టిఫికెట్ల పని. మా వైపు అమెరికా వెళ్లే పిల్లల వీసా కోసం తల్లిదండ్రుల ఆస్తుల లెక్క రాయించి సీఏ సంతకం పెట్టించుకుంటారు. బంధువులు, వాళ్ల బంధువులు, "ఒక్క సంతకమే కదమ్మా" అంటూ వచ్చేవాళ్లు. పొలం విలువకు కాగితం చూపించమంటే కొందరికి కోపం వచ్చేది. 2019 నుంచి సీఏ ఇచ్చే సర్టిఫికెట్‌కు యూడీఐఎన్, అంటే ఆ కాగితాన్ని గుర్తుపట్టే ప్రత్యేక నంబరు, తప్పనిసరి. అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే ఆ నంబరులో మన ఆరంకెల మెంబర్‌షిప్ నంబరు ఉంటుంది. ఆ కాగితం ఏ దేశంలో తెరిచినా బాధ్యత నాదే. చూడని కాగితానికి నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

"ఆదాయం లేనప్పుడు ఫీజులెందుకు? మళ్లీ మొదలుపెట్టినప్పుడు కట్టుకోవచ్చుగా" అన్నారు మా ఆయన. "అంత కష్టపడి చదివి సీఏల జాబితాలోంచి పేరు కొట్టేయించుకుంటావా అమ్మా?" అని అత్తయ్య బాధపడ్డారు. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. చివరికి విజయవాడలో నేను ఆర్టికల్‌షిప్, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణ, చేసిన మా సార్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "నువ్వు రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశావమ్మా. మెంబర్‌షిప్ వేరు, సీఓపీ వేరు. విడివిడిగా ఆలోచించు" అన్నారు.

ఆ మాటతోనే చిక్కు విడిపోయింది. ఆ రాత్రి 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం తీసి, పరీక్షల కోసం చదివిన సెక్షన్లే నా కోసం మళ్లీ చదివాను. ప్రాక్టీస్‌లో లేకపోయినా, సభ్యత్వం ఉన్నంతకాలం చార్టర్డ్ అకౌంటెంట్ అని చెప్పుకోవచ్చని సెక్షన్ 7లో స్పష్టంగా ఉంది. సభ్యత్వం లేకుండా అలా చెప్పుకుంటే సెక్షన్ 24 కింద నేరం. ఫీజు కట్టకపోతే రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తారు. అదే ఆర్థిక సంవత్సరంలో బకాయితో పాటు పునరుద్ధరణ రుసుము కట్టి దరఖాస్తు చేస్తే తీసేసిన రోజు నుంచే తిరిగి చేర్చుకుంటారు. ఆ తర్వాత చేస్తే, దరఖాస్తు చేసిన రోజు నుంచే లెక్క. మధ్యకాలం ఖాళీగా ఉండిపోతుంది. మా ఆయన చెప్పినట్టు తర్వాత కట్టుకోవచ్చు, నిజమే. కానీ ఆ ఖాళీ పూడదు. పాసవడానికి నేను పడ్డ కష్టం నాకు తెలుసు. ఇంట్లో ఒకరికి జబ్బు చేసిందని ఆ పేరు ఎందుకు పోగొట్టుకోవాలి? మెంబర్‌షిప్ సంగతి అక్కడే తేలిపోయింది.

సీఓపీ సంగతి అలా కాదు. అది ఉంటేనే ఆడిట్ చేయగలం, సర్టిఫికెట్ ఇవ్వగలం. దాంతో పాటు కట్టుబాట్లూ ఉంటాయి. ఇన్‌స్టిట్యూట్ అనుమతి లేకుండా వేరే వ్యాపారమో ఉద్యోగమో చేయకూడదు. అరవై ఏళ్లలోపు వాళ్లకు, ప్రాక్టీస్‌లో ఉంటే మూడేళ్లలో 120 గంటల సీపీఈ, అంటే వృత్తిలో కొత్త విషయాలు నేర్చుకునే శిక్షణ, లేకపోతే 60 గంటలు. ఇంట్లో ఉండి చేసుకునే అకౌంట్స్ ఉద్యోగం ఒకటి అప్పటికే నా దృష్టిలో ఉంది. సీఓపీ పెట్టుకుని, అనుమతి తీసుకోకుండా ఆ ఉద్యోగానికి వెళ్లడం కుదరదు. ఏడాదికి నాలుగైదు సంతకాల కోసం అటు అనుమతుల చుట్టూ, ఇటు బంధువుల మొహమాటాల మధ్య తిరగాలా? వద్దనుకున్నాను.

వదులుకోవడానికి నాకు ఎక్కువ టైమ్ పట్టింది ఆన్‌లైన్ దరఖాస్తు దగ్గర కాదు, క్లయింట్ల దగ్గర. పోర్టల్‌లో లాగిన్ అయి మెంబర్‌షిప్ ఫీజు మాత్రమే కట్టి, సీఓపీ రద్దుకు విడిగా దరఖాస్తు పెట్టడం పెద్ద పనేమీ కాదు. ముందు చేతిలో ఉన్న ఆడిట్లు ముగించాను. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన నేను ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో వచ్చిన క్లయింటు. "ఇంకెవరి దగ్గరికీ పోనమ్మా" అని కూర్చున్నారు. ఊళ్లోనే నాకు నమ్మకమున్న ఒక సీఏని పరిచయం చేశాను. కొత్తగా వచ్చే ఆడిటర్ పాత ఆడిటర్‌కి ముందుగా ఉత్తరం రాయాలనేది మా వృత్తి నియమం. ఆయన రాశారు, నేను అభ్యంతరం లేదని జవాబిచ్చాను. ఫీజు బాకీలు, తేలని అభ్యంతరాలు ఉంటే బయటపడేది ఆ ఉత్తరంలోనే. మొక్కుబడిగా చూసేవాళ్లుంటారు గానీ, నాకు ఆ నియమం మీద చాలా గౌరవం.

పాత ఆడిట్ ఫైళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వర్కింగ్ పేపర్లు, అంటే ఆడిట్‌లో రాసుకున్న లెక్కలూ ఆధారాలూ, ఏడేళ్లు భద్రపరచాలి. ముందు గదిలోకి మామయ్యగారి మంచం వచ్చింది కాబట్టి ఆ ఫైళ్లున్న బీరువాని పడకగదిలోకి మార్చాం.

ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదట అడిగింది మెంబర్‌షిప్ నంబరే. ఎదురుగానే రిజిస్టర్‌లో చూసుకున్నారు, పేరుంది. ఇప్పుడు సంతకం కోసం వచ్చే బంధువులకు నాకు సీఓపీ లేదని చెప్పి, ఉన్నవాళ్ల దగ్గరికి పంపిస్తున్నాను. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ప్రాక్టీస్ పెట్టాలనిపిస్తే సీఓపీకి కొత్తగా దరఖాస్తు చేస్తాను. ఈ ఏడాది మెంబర్‌షిప్ ఫీజు ఏప్రిల్‌లోనే కట్టేశాను.