పనామా చాక్‌ల మీద సర్వేయర్ పంచ్ పడేదాకా - నా అనుభవం

మాది బాలానగర్‌లో చిన్న మెషినింగ్ షెడ్డు, ఎప్పుడూ వాల్వ్ బాడీలు, పంపు కేసింగులే చేసేవాళ్లం. పోయినేడు ఒక ఆఫ్‌షోర్ సప్లై బోటుకి ఎనిమిది పనామా చాక్‌లు ఫినిషింగ్ చేసే ఆర్డర్ వచ్చింది. పనామా చాక్ అంటే డెక్ అంచున వెల్డ్ చేసే దిట్టమైన స్టీల్ వలయం, ఓడని రేవుకి కట్టే తాడు (మూరింగ్ రోప్) అందులోంచే బయటికి వెళ్తుంది, ఓడ ఎటు లాగినా తాడు ఆ గుండ్రటి అంచు మీదే వంగాలి కాబట్టి లోపల ఎక్కడా పదును ఉండకూడదు.

మొదటి దెబ్బ మా దగ్గరే తగిలింది. అంచులు గ్రైండింగ్ చేస్తూ మా కుర్రాడు రెండు పీసుల మీద హీట్ నంబర్ కూడా చెరిపేశాడు. ఆ నంబర్ లేకపోతే ఆ పీసు ఏ పోతలోదో, ఏ టెస్ట్ సర్టిఫికెట్ దానిదో చెప్పలేం. క్లాస్ సర్వేయర్ గారు (ఓడలకి సర్టిఫికెట్ ఇచ్చే క్లాసిఫికేషన్ సొసైటీ తరఫున తనిఖీ చేసేవారు) రెండింటినీ పక్కన పెట్టించేశారు, ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వాటికి టెస్ట్ లగ్‌లు (పరీక్ష కోసం పీసుతో పాటే పోసే అదనపు ముక్కలు) ఇంకా కోయలేదు, అదే కాపాడింది. ఆయన ఎదురుగానే లగ్‌ల మీద ఆయన ముద్ర పంచ్ కొట్టించి, కోసి ల్యాబ్‌కి పంపాం, టెన్సైల్ (లాగి తెంపే పరీక్ష), కెమిస్ట్రీ మళ్లీ చేయించి రిపోర్టులు వచ్చేసరికి తొమ్మిది రోజులు పోయాయి. మీరు చేసేటట్టయితే గ్రైండర్ వెళ్లని చోటికి నంబర్ ముందే ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, అది కూడా సర్వేయర్ ముందే.

తర్వాత ఆయన "పాత కాటన్ గుడ్డ ఉందా బాబూ" అని అడిగి, దాన్ని చాక్ లోపల అంచు చుట్టూ మెల్లగా లాగారు. అడుగు భాగంలో, అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత దగ్గర, గుడ్డ పోగు పట్టుకుని తెగింది. అక్కడ నేను వేలితో తడిమితే ఏమీ తెలియలేదు! ఇప్పటి హెచ్‌ఎంపీఈ (చాలా బలమైన ప్లాస్టిక్ పోగుల) తాళ్లలో పోగులు వెంట్రుక కన్నా సన్నం, పాత వైర్ రోప్ ఓర్చుకున్న గరుకుని ఇవి ఓర్చుకోవు. బిగుసుకున్న తాడు తెగి వెనక్కి కొడితే డెక్ మీద మనిషి ప్రాణమే పోతుంది. ఎనిమిదీ ఫ్లాప్ వీల్‌తో (గరుకు గుడ్డ రేకులున్న గ్రైండింగ్ చక్రం) మళ్లీ నునుపు చేశాం.

చివర్లో మార్కింగ్. మూరింగ్‌కి ఎస్‌డబ్ల్యూఎల్ (సురక్షితంగా తట్టుకునే లోడ్), టోయింగ్‌కి (తాడుతో ఓడని లాగడానికి) కూడా వాడతారు కాబట్టి టీఓడబ్ల్యూ (లాగేటప్పుడు సురక్షితంగా తట్టుకునే లోడ్), రెండూ టన్నుల్లో వెల్డ్ బీడ్‌తోనే రాయించాం, పెయింట్ పోయినా చదవగలగాలి కదా. లారీ వైజాగ్ బయల్దేరే ముందు ఎనిమిదింట్లోనూ నేనే గుడ్డ లాగి చూశా, ఒక్క పోగూ తెగలేదు.