కొర్ర కంకులతో బెంగళూరు

దసరా సెలవులకు వస్తున్నానని ఫోన్ చేస్తే మా తమ్ముడు ఈసారి చెనక్కాయలు అడగలేదు. "అక్కా, మనూర్లో కొర్ర కోతలు మొదలయ్యాయా? మందు కొట్టని కంకులు ఒక కట్ట పట్టుకురా" అన్నాడు. వాళ్ల చిలుక కోసమట. బెంగళూరు పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని అందమైన ప్యాకెట్లో పెట్టి అమ్మేది మన కొర్ర కంకే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి డబ్బు పెట్టి కొనడానికి వాడికి ప్రాణం ఒప్పడం లేదు.

అనంతపురంలో తెల్లారే బస్సెక్కి, కంకుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పెనుకొండ, ఆ తర్వాత కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. బాగేపల్లిలో బోర్డుల మీద లిపి మారుతుంది తప్ప మనుషుల మాట మారదు. టీ అంగడాయన "చక్కెర ఎయ్యాలా అక్కా" అనే అడిగాడు. చిక్కబళ్లాపురం దగ్గర కిటికీలోంచి నంది కొండ, కాసేపటికి దేవనహళ్లి ఎయిర్‌పోర్టు, హెబ్బాళ ఫ్లైఓవర్. అంతవరకు హాయిగానే సాగింది. హెబ్బాళ నుంచి మారతహళ్లి చేరడం ఎలాంటి పనో బెంగళూరులో బంధువులున్న ఎవర్నడిగినా చెబుతారు.

తలుపు తీసిన మరదలి వేలికి ప్లాస్టర్. తమ్ముడి చెవి తమ్మె మీద గాటు. మేనకోడలు చేతికి ఓవెన్ గ్లౌజు తొడుక్కుని పంజరం ముందు నిలబడి ఉంది. లోపల తోకతో కలిపి అడుగు పొడవుండే పిట్ట. సన్ కన్యూర్ జాతి. ఒళ్లంతా పసుపు, నారింజ రంగు కలిసి ఉంది కాబట్టి బంతి అని పేరు పెట్టారు. దాని జాతి సొంత ఊరు దక్షిణ అమెరికాలోని గయానా, ఉత్తర బ్రెజిల్ వైపు. గొంతు విప్పిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు.

"ఇంత గొడవెందుకురా, రామచిలుకను తెచ్చుకోకపోయారా" అన్నాను. మా చిన్నప్పుడు వీధిలో ఎన్ని ఇళ్లలో పంజరాలుండేవో.

"నన్ను జైలుకు పంపిస్తావా ఏంటి అక్కా?"

వాడన్నది నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచుకోవడం నేరం.

మర్నాడు పక్షుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టిన పక్షిని ముందు డాక్టరుకు చూపించాలి, నొప్పి ఉన్నా కరుస్తుంది కదా. ఔటర్ రింగ్ రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. తువ్వాలు కప్పిన బుట్టలో బంతి మాత్రం నోరెత్తలేదు. క్యాబ్ డ్రైవరుది మదనపల్లె వైపు ఊరట, "లోపల కోడిపిల్లా మేడమ్?" అన్నాడు.

డాక్టరు తెలుగు, కన్నడ కలిపి మాట్లాడే మనిషి. చిన్న త్రాసు మీద నిలబెట్టి చూస్తే నూట పన్నెండు గ్రాములు. ముక్కు, గోళ్లు, రెక్కలు, రెట్ట అన్నీ చూసి ఏ జబ్బూ లేదన్నారు. ఇలాంటి విదేశీ చిలుకల్ని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్లో నమోదు చేయించాలి. చేయించారా అని అడిగారు. తమ్ముడు ఫోన్లో చూపించాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకే ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"కరిచాక మీరేం చేస్తారు?"

మరదలు కెవ్వుమని అరుస్తుంది, ఆ వెంటనే కోపం తగ్గుతుందని ఓ జీడిపప్పు ముక్క పెడుతుంది. తమ్ముడు వేలు చూపిస్తూ గట్టిగా తిడతాడు. పిల్ల ఒకరోజు నవ్వుతుంది, ఇంకోరోజు భయపడి పంజరంలో పెట్టేస్తుంది. డాక్టరు అంతా విని, "అంటే ఒక్క కాటుకు సినిమా, టిఫిను, ఇంటికి సెలవు అన్నీ దొరుకుతున్నాయి. నేనైనా కరుస్తాను" అన్నారు.

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పట్టిన మాట ఇంకొకటుంది. పక్షి ముందు చెప్పకుండా కరవదట. కంటిపాప గబగబా చిన్నదవుతుంది, పెద్దదవుతుంది. మెడ మీద ఈకలు లేస్తాయి, తోక విచ్చుకుంటుంది, ఒళ్లు వెనక్కి వంచుతుంది. ఇవేవీ పట్టించుకోకుండా చెయ్యి ముందుకే పెడితే కరుస్తుంది, చెయ్యి వెనక్కి వెళ్తుంది. అలా కొన్నాళ్లు జరిగాక ఈ ముందు మాటలన్నీ దండగనుకుని నేరుగా కరవడమే. ముక్కు మీద కొట్టడం, మొహాన ఊదడం, నీళ్లు చల్లడం లాంటివి చేస్తే చెయ్యంటేనే భయం పెరుగుతుంది. కరిస్తే అరవకూడదు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా దండె మీద దించి కాసేపు అటు తిరిగిపోవాలి. అంతకంటే ముందు, మెడ ఈకలు లేవగానే చెయ్యి ఆపేయాలి.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది?" అనీ అడిగారు. పంజరం హాల్లో టీవీ పక్కన. తమ్ముడికి క్రికెట్ పిచ్చి. ఈ పిట్టకు పది, పన్నెండు గంటల చీకటి, నిద్ర కావాలట. ఇక వీపు, రెక్కల కింద నిమరకూడదు, జతకు పిలుస్తున్నారనుకుని రెచ్చిపోతుంది. తల, మెడ వరకే.

ఆ సాయంత్రమే పంజరం వెనక గదిలోకి మారింది. ఓవెన్ గ్లౌజు వంటింటికి పోయింది. చెప్పినట్టు చేస్తే గింజ దొరుకుతుందని బంతికి నేర్పడానికి, చైనీస్ పార్సిల్లో వచ్చిన పొడుగాటి పుల్ల ఒకటి తీసుకుని పిల్ల పంజరం ఊచల బయట నుంచి చూపించింది. బంతి మెడ సాచి పుల్ల కొనను ముక్కుతో తాకితే "భలే" అనాలి, వెంటనే ఒక కొర్ర గింజ ఇవ్వాలి. పుల్లను కరకరా నమిలితే ఏమీ లేదు, తాకితేనే గింజ. కంకిని విరిచి చిన్న చిన్న తునకలు చేసే పని నాది. బంతి తునకను ఒక కాలితో పట్టుకుని, రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి పెట్టి బిగించి, నల్లటి బండ నాలుకతో గింజను తిప్పి పొట్టు ఊదేస్తుంది. చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు.

నాకు మా టవర్ క్లాక్ దగ్గర చిలక జోస్యం చెప్పే ఆయన గుర్తొచ్చాడు. చిలుక కార్డు లాగగానే ఒక వడ్లగింజ పెట్టేవాడు. ఇదే విద్య. కాకపోతే ఆ చిలుక రెక్కలు కత్తిరించి ఉండేవి, అది ఇష్టంగా వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు.

పొద్దున దోసెలు ఇనప పెనం మీద పోసింది మరదలు. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ పిట్టల ప్రాణం తీస్తుందని తెలిశాక పాత పెనం అటక మీంచి దిగిందట. ఆ విధంగా మాకూ మంచి దోసెలు దొరికాయి.

ఆదివారం కబ్బన్ పార్కుకు వెళ్లాం. ఆరోజు లోపలికి బండ్లు రానివ్వరు కాబట్టి చిలుకల అరుపులు బాగా వినిపిస్తాయి. ఒక పెద్ద చెట్టు తొర్ర దగ్గర రామచిలుక పైకెక్కుతుంటే పిల్ల నా చెయ్యి పట్టి లాగింది. "అత్తా చూడు, ముందు ముక్కుతో కొమ్మ పట్టుకుని చూసి, తర్వాత కాలు పెడుతోంది." బంతి కూడా వేలెక్కేముందు ఇలాగే ముక్కు ఆనిస్తుంది. వీళ్లు కరుస్తోందనుకుని వేలు లాగేసుకుంటున్నారు. ఊగే కొమ్మను ఎవరు నమ్ముతారు?

ఇంటికి రాగానే పిల్ల చూపుడువేలు అడ్డంగా పెట్టి, "ఎక్కు" అంది. బంతి వంగి ముక్కుతో వేలు పట్టుకుంది. పిల్ల మొహంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది గానీ వేలు కదల్లేదు. ముక్కు వదిలి ఒక కాలు, ఆ వెనకే రెండో కాలు పెట్టింది. కంకి తునక ఇచ్చాను.

నేను బయల్దేరే నాటికి పిల్లనీ, మరదలినీ కరవడం బాగా తగ్గింది. తమ్ముడి సంగతి వేరు. చెప్పినమాట వినేదాకా భుజం మీద ఎక్కించుకోవద్దని, అక్కడుంటే దాని కన్ను మీకు కనపడదని డాక్టరు మరీ మరీ చెప్పారు. వీడు ఆఫీసు కాల్ మాట్లాడుతూ కూడా దాన్ని భుజం మీదే ఉంచుకుంటాడు. రెండో చెవికి కూడా గాటు పడింది. "హెడ్‌ఫోన్స్ పెద్దవి కొంటాలే అక్కా" అంటున్నాడు.