హోమ్స్‌కి యాభై నిమిషాలు చాలు

షెర్లాక్ హోమ్స్ వేషం ఎవరికి బాగా కుదిరింది అన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను జెరెమీ బ్రెట్ పేరే చెప్తాను, చెప్పిన వెంటనే "కానీ అన్నీ చూడకండి" అని ఒక తోక కూడా తగిలిస్తాను. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ వాట్సాప్‌లో టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. కథలు చదవని వాళ్ళకి ముందే హెచ్చరిక, కింద ముడులన్నీ విప్పేస్తాను. వందేళ్ళు దాటిన కథలు, ఇంకా దాచమంటే నా వల్ల కాదు.

బ్రిటన్‌లో గ్రెనడా టెలివిజన్ వాళ్ళు బ్రెట్‌ని హోమ్స్‌గా పెట్టి 1984 నుంచి 1994 దాకా తీసిన టీవీ సిరీస్ ఇది. మొత్తం 41 ఎపిసోడ్లు. అందులో 36 గంట స్లాట్‌లో వచ్చేవి, అంటే యాడ్స్ తీసేస్తే యాభై నిమిషాలు. మిగతా అయిదూ సినిమా అంత పొడుగు. మాంచెస్టర్‌లో హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్ సెట్ వేశారు, ఈ కథలు అచ్చయిన స్ట్రాండ్ పత్రికలో సిడ్నీ పేజెట్ వేసిన బొమ్మల్ని ముందు పెట్టుకుని అవే భంగిమల్లో షాట్లు తీశారు, 'ఫైనల్ ప్రాబ్లెమ్' కోసం నిజంగానే స్విట్జర్లాండ్ వెళ్ళి రైకెన్‌బాక్ జలపాతం దగ్గర షూటింగ్ చేశారు. ఇవన్నీ అందరూ మెచ్చుకునేవే. నాకు మాత్రం అసలు కిటుకంతా ఆ యాభై నిమిషాల్లోనే ఉందనిపిస్తుంది.

'స్పెకిల్డ్ బ్యాండ్' తీసుకోండి. అక్క చనిపోయిన గదిలోనే పడుకోవాల్సి వచ్చిన అమ్మాయి, లాగినా మోగని గంట తాడు, బయటికి కాకుండా పక్క గదిలోకి తెరిచిన వెంటిలేటర్, నేలకి బిగించేసిన మంచం, పక్క గదిలో సవతి తండ్రి, అక్కడొక సాసర్‌లో పాలు. పుస్తకంలో ఇదంతా హోమ్స్ స్నేహితుడు వాట్సన్ చెప్తున్నాడు కాబట్టి దేన్ని నొక్కి చెప్పాలో, దేన్ని పైపైన దాటేయాలో అతని ఇష్టం. కెమెరాకి ఆ వెసులుబాటు లేదు, తాడు చూపించామంటే చూపించేసినట్టే. వీళ్ళు దాచాలని చూడలేదు కూడా. హోమ్స్ చూసేవన్నీ మనమూ చూస్తాం, కాకపోతే అతనికి అర్థమైందని బ్రెట్ మొహం చెప్తూ ఉంటుంది, మనకేమో ఇంకా అర్థం కాదు. టెన్షన్ అంతా అక్కడ పుడుతుంది.

ఈ కథ మనవాళ్ళకి కొంచెం నవ్వు కూడా తెప్పిస్తుంది లెండి. అక్కని చంపింది ఇండియాలోకెల్లా విషపు పాము అంటాడు హోమ్స్, 'స్వాంప్ యాడర్' అట, ఆ పేరుతో ఇక్కడ ఏ పామూ లేదు, పైగా అది ఈల వేస్తే తాడు పట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది, సాసర్‌లో పాలు తాగుతుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనం దీనికి కథ రాసిన డాయిల్‌ని ఏమంటాం! యాభై నిమిషాల్లో ఈ ప్రశ్నలు అడిగే తీరిక చూసేవాడికి ఉండదు. అదే కథని సినిమా అంత లాగి ఉంటే మధ్యలో ఆలోచించుకునే టైమ్ దొరికి పాము పరువు పోయేది.

ఉన్నది ఉన్నట్టు తీయాలి అనే పట్టుదల నాకేం లేదు. 'రెడ్ హెడెడ్ లీగ్'లో పెద్ద మార్పే చేశారు. ఎర్ర జుట్టున్న ఒక తాకట్టు కొట్టు ఆయనకి రోజుకి నాలుగు గంటలు కూర్చుని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా చూసి రాసే ఉద్యోగం, వారానికి 4 పౌన్లు జీతం. ఈయన అక్కడ 'ఎ' అక్షరంతో కుస్తీ పడుతుంటే ఇక్కడ కొట్లో పనివాడు బ్యాంకులోకి సొరంగం తవ్వుతుంటాడు. దీని వెనకాల హోమ్స్ బద్ధశత్రువు మోరియార్టీ ఉన్నాడని టీవీ వాళ్ళు కలిపారు, కథలో అతను లేనే లేడు. కానీ తర్వాతి ఎపిసోడ్ 'ఫైనల్ ప్రాబ్లెమ్'. డాయిల్ ఆ విలన్‌ని ఒక్క కథలో పుట్టించి అందులోనే చంపేశాడు, ఇక్కడ ముందే ఒక చూపు చూపించడంతో ఆ జలపాతం సీన్‌కి బలం వచ్చింది. ఇంకోటి, లీగ్ రద్దయిందన్న అట్టముక్క చూసి హోమ్స్, వాట్సన్ ఇద్దరూ ఆపుకోలేక పగలబడి నవ్వుతారు, ఆ తాకట్టు కొట్టు ఆయన ఎదురుగానే! కథలో ఒక్క వాక్యం అది. వాట్సన్ వేసిన డేవిడ్ బర్క్, బ్రెట్ కలిసి దాన్ని స్నేహం అంటే ఇదీ అన్నట్టు చేశారు.

ఇక ఆ పొడుగు వాటి సంగతి. 'సైన్ ఆఫ్ ఫోర్', 'హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' నవలలే కాబట్టి వాటితో పేచీ లేదు. 1992, 93ల్లో మూడు చిన్నకథల్ని పట్టుకుని జీడిపాకంలా సాగదీశారు, అక్కడ వచ్చింది తంటా. 'నోబుల్ బాచిలర్' కథలో అసలు నేరమే లేదు. చనిపోయాడనుకున్న మొదటి భర్త చర్చిలో కనిపించేసరికి పెళ్ళికూతురు విందు మధ్యలోంచి లేచి వెళ్ళిపోతుంది, అంతే. సరదా కథ. దాన్ని 'ఎలిజిబుల్ బాచిలర్' చేసి, హోమ్స్‌కి పీడకలలు పెట్టి, పెళ్ళికొడుకుని దుర్మార్గుణ్ణి చేసి, అతని ఇంకో భార్యని పాడుబడ్డ భవంతిలో బంధించి... అక్కడికి నాకు ఓపిక అయిపోయింది. 'లాస్ట్ వాంపైర్' కూడా ఆ తాను ముక్కే. 'మాస్టర్ బ్లాక్‌మెయిలర్' ఒక్కటీ నిలబడింది, ఎందుకంటే ఆ కథలో డాయిల్ పైపైన వదిలేసిన జాగా చాలా ఉంది. హోమ్స్ ప్లంబర్ వేషంలో బ్లాక్‌మెయిలర్ ఇంటికి వెళ్ళి పనమ్మాయిని ప్రేమలోకి దించుతాడు, కథలో అది నాలుగు మాటల్లో తేలిపోతుంది, ఇక్కడ ఆ అమ్మాయికి మొహం వచ్చింది, మనసొచ్చింది, చూస్తుంటే హోమ్స్ మీద కోపమూ వస్తుంది.

1994లో మళ్ళీ యాభై నిమిషాలకి వచ్చి ఆరు ఎపిసోడ్లు తీశారు కానీ అప్పటికి బ్రెట్ ఆరోగ్యం పాడైంది. 'మేజరిన్ స్టోన్'లో అతను కాసేపే కనిపిస్తాడు, అన్న మైక్రాఫ్ట్‌గా చార్లెస్ గ్రే కథ నడిపిస్తాడు. మరుసటి ఏడాదే బ్రెట్ పోయాడు. ఆ ఆరూ చూడటం కష్టంగానే ఉంటుంది, దానికి నిడివిని తిట్టలేం.

నిడివి గురించి నా మాట నమ్మకపోతే మన దూరదర్శన్ 'బ్యోమకేశ్ బక్షీ' చూడండి. శరదిందు బందోపాధ్యాయ బెంగాలీ డిటెక్టివ్ కథల్ని బాసు ఛటర్జీ 1993లో హిందీలో తీశారు, రజిత్ కపూర్ బ్యోమకేశ్, కె.కె. రైనా అతని స్నేహితుడు అజిత్. గ్రెనడా వాళ్ళలా భారీ సెట్లు లేవు, లైటింగ్ కూడా అంతంత మాత్రం. అయినా 2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేస్తే కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. 'రాస్తే కా కాంటా'లో రోడ్డు మీద నడిచే మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు, గుండెలో గ్రామఫోన్ పిన్ను, అది వచ్చిందేమో సైకిల్ బెల్లులోంచి! ఒక్క ఎపిసోడ్‌లో అంతా అయిపోయింది. మన డైలీ సీరియల్ అయ్యుంటే ఆ పిన్ను గుచ్చుకోవడానికే ఒక వారం పట్టేది, అత్తగారి మొహం మీదికి మూడుసార్లు జూమ్‌తో సహా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 1984 ఎపిసోడ్లలో 'బ్లూ కార్బంకిల్' చూడండి, పోయిన టోపీ, క్రిస్మస్ బాతు, దాని కడుపులో రత్నం. అది నచ్చితే వరసగా 'ఫైనల్ ప్రాబ్లెమ్' దాకా వెళ్ళిపోవచ్చు. 'ఎలిజిబుల్ బాచిలర్' తగిలితే మాత్రం టీవీ కట్టేసి ఆ కథ పుస్తకంలో చదివేసుకోండి, దానికి సగం టైమ్ కూడా పట్టదు.