అసలు చెల్లించాక మిగిలిన వడ్డీ: నా అనుభవం

మేము పూర్తిచేసిన సివిల్ పనికి సంబంధించిన తుది బిల్లుపై కోర్టు మాకు అనుకూలంగా డిక్రీ ఇచ్చిన తర్వాత, అవతలి సంస్థ అసలుకు సరిపడే మొత్తాన్ని మా ఖాతాలో వేసి, ఇక బాకీ ఏమీ లేదని రసీదు ఇవ్వమని కోరింది. డిక్రీలో వడ్డీ స్పష్టంగా ఉన్నా, దాని ఊసు ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ వడ్డీకి పునాది దావా వేయకముందే పడింది. మా లాయరుగారు అన్నిటికంటే ముందు ఒప్పందంలో వడ్డీని నిషేధించే షరతు ఉందేమోనని వెదికారు. అలాంటి షరతు ఉంటే 1978 నాటి వడ్డీ చట్టం కింద అడిగే దారి మూసుకుపోతుంది. మా ఒప్పందంలో నిషేధమూ లేదు, వడ్డీ రేటూ లేదు, చెల్లింపుకు నిర్ణీత గడువూ లేదు. అటువంటప్పుడు వడ్డీ కోరుతూ ఇచ్చిన లిఖితపూర్వక నోటీసులో పేర్కొన్న తేదీ నుంచే దావాకు ముందరి కాలానికి వడ్డీ లెక్క మొదలవుతుంది కనుక, బిల్లు ఆగిన కొత్తలో రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు మాకు చివరిదాకా అక్కరకు వచ్చింది. డిక్రీ తర్వాతి వడ్డీని కూడా దావాలోనే విడిగా అడిగాము, ఎందుకంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం ఆ వడ్డీ గురించి డిక్రీ మౌనంగా ఉంటే కోర్టు దాన్ని నిరాకరించినట్టే భావిస్తారు.

రసీదు విషయంలో మాత్రం తొందరపడలేదు. సొమ్ము అందిందనీ, దానిని ముందుగా ఖర్చులకూ వడ్డీకీ, ఆ తర్వాతే అసలుకూ జమకట్టుకుంటున్నామనీ రాసి పంపాము. డిక్రీలో వేరే ఆదేశం లేనప్పుడు డిక్రీదారుకు ఆ హక్కు ఉంటుంది. పైకి ఇది గుమాస్తా లెక్కలా కనిపించినా మొత్తం పేచీ ఇక్కడే ఉంది: వారి పద్ధతిలో అసలు తీరిపోయి, ఆ రోజుతో వడ్డీ పెరగడం ఆగిపోతుంది; మా పద్ధతిలో అసలులో కొంత భాగం మిగిలి, దానిపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వారు కాలయాపన చేసిన కొద్దీ నష్టం వారిదే అవుతుంది.

ఆ తర్వాత డిక్రీని అమలు చేయించమని కోర్టులో అమలు పిటిషన్ వేశాము. దానికి జతచేసిన లెక్కల పట్టికలో దావాకు ముందరి కాలం, దావా నడిచిన కాలం, డిక్రీ తర్వాతి కాలం వేర్వేరుగా చూపించాము; మూడో దశలో వడ్డీ అసలుపైనే వస్తుంది తప్ప అంతకుముందు పోగుపడిన వడ్డీపై రాదు. డిక్రీ తర్వాత 6 శాతానికి మించి ఇవ్వరాదని అవతలి లాయరు అభ్యంతరం చెప్పారు. వాణిజ్య లావాదేవీలకు ఆ పరిమితిని దాటే వెసులుబాటు, దాన్ని విధించిన 34వ సెక్షన్‌లోనే ఉంది. పైగా డిక్రీలో ఖరారైన రేటును అమలు కోర్టు తిరగదోడదు. ఆ అభ్యంతరం నిలవలేదు. నిజానికి అది అప్పీలులో చెప్పుకోవలసిన మాట.

మా జమకట్టు పద్ధతినే కోర్టు అంగీకరించి, బ్యాంకు ఖాతా జప్తుకు నోటీసు ఇచ్చాక, మిగిలిన సొమ్ము వాయిదా లోపే వచ్చింది. అప్పుడే డిక్రీ పూర్తిగా తీరినట్టు మెమో దాఖలు చేశాము.