అంగుళానికి ఆరడుగులు

మన బడి సంచికకి మన బ్యాచ్ వాళ్లలో చాలామంది హెడ్‌మాస్టారి బెత్తం గురించో, వార్షికోత్సవం నాటకాల గురించో రాస్తారని నాకు తెలుసు. ఆ రెంటితోనూ నాకు పెద్దగా పరిచయం లేదు. నేను రాసేది సైన్సు గది అద్దాల బీరువాలో, స్పిరిట్‌లో తేలు ఉన్న సీసా పక్కన ఉండే వెండి రంగు విమానం గురించి. 1983 తర్వాత చదివినవాళ్లంతా దాన్ని చూసే ఉంటారు. అదేం విమానమో, ఎవరు చేశారో చెప్పే చీటీ మాత్రం ఆ బీరువాలో ఎప్పుడూ లేదు.

అది కాన్‌బెర్రా. బ్రిటిష్ బాంబరు. చేసింది ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ, మామూలుగా రైలింజన్లూ కరెంటు మోటార్లూ చేసుకునేవాళ్లు. పెటర్ అనే ఇంజనీరు గీసిన ఆ విమానాన్ని 1949 మే 13న రోలండ్ బీమంట్ మొదటిసారి గాల్లోకి లేపాడు. రెక్కకొకటి చొప్పున రెండు రోల్స్‌రాయిస్ ఏవన్ జెట్ ఇంజన్లు. అంతకుముందు బాంబర్లకి ముక్కునా వీపునా తోకనా తుపాకులు పట్టుకున్న మనుషులు ఉండేవాళ్లు. దీనికి వాళ్లెవరూ లేరు. అందనంత ఎత్తుకి పోవడం, అందేలోగా వెళ్లిపోవడం, దాని రక్షణ అంతే. 1957లో ఒక కాన్‌బెర్రా, అదనంగా రాకెట్ ఇంజను తగిలించుకుని, 70,310 అడుగులు ఎక్కి ప్రపంచ రికార్డు కొట్టింది. మన ఎయిర్‌ఫోర్సులోకి వచ్చిందీ ఆ ఏడాదే. అమెరికా వాళ్లు లైసెన్సు తీసుకుని ఇదే విమానాన్ని బి-57 పేరుతో చేసుకున్నారు, పాకిస్తాన్‌కి వెళ్లినవి అవి. 1965 యుద్ధంలో రాత్రిపూట అటువాళ్లూ ఇటువాళ్లూ బాంబులేసుకున్నది అన్నదమ్ముల్లాంటి విమానాలతోనే.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పట్లో మాకు తెలిసింది ఒక అట్టపెట్టె. మా బెంచీలో ఒకడి నాన్న చీరల మూటలతో చీరాల నుంచి మద్రాసు వెళ్లొస్తుండేవాడు. ఒకసారి బర్మా బజారులో ఈ ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పెట్టె కొనుక్కొచ్చాడు, కొడుకు ఏదో రైలుబొమ్మ అడిగితే. తెరిస్తే రైలూ లేదు, బొమ్మా లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ పుల్లల చట్రాలు, వాటికి వేలాడుతున్న ముక్కలు, ఒక జిగురు ట్యూబు, మడతలు పెట్టిన కాగితం. వాడు ఏడుపుమొహంతో బడికి పట్టుకొచ్చాడు. దాన్ని క్రాఫ్టు మాస్టారు చూశారు.

ఆయన్ని మనమంతా ఎయిర్‌ఫోర్సు మాస్టారనే అనేవాళ్లం. పైలట్ అనుకునేవాళ్లు చాలామంది, ఆయనా పనిగట్టుకుని కాదనేవారు కాదు. నిజానికి ఆయన ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు. ఆగ్రాలో కాన్‌బెర్రాల రెక్కలూ తోకలూ చక్రాలూ తలుపులూ చూసుకుంటూ సర్వీసు చేసి, పెన్షన్‌తో ఊరికొచ్చి, మనకి రంపం పట్టుకోవడం నేర్పారు. పెట్టె మీద బొమ్మ చూడగానే ఆయన కళ్లజోడు సవరించుకుని, కాగితం విప్పి, ఒక్కో ముక్కా చట్రంతో సహా పైకెత్తి వెలుతురుకి పట్టి చూశారు. అంతా అయ్యాక, "ఇది మనది కాదురా" అన్నారు.

పెట్టెలో ఉన్నది బ్రిటిష్ వాళ్లు వాడుకున్న బి(ఐ)6 రకం. పైలట్ తలమీద మధ్యగా గుండ్రటి అద్దపు బుడగ ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా కొన్న బాంబరు బి(ఐ)58కి ఆ బుడగ ఉండదు. ఫైటర్ విమానానికి ఉన్నట్టు సన్నటి పందిరి, అదీ ఎడమపక్కకి జరిగి ఉంటుంది. దారి చెప్పే నేవిగేటరు ముక్కులో కూర్చుంటాడు. "పైలట్‌కి ఎగిరి బయటపడే సీటుందిరా. పాపం నేవిగేటర్‌కి లేదు, తలుపుదాకా పాక్కుంటూ వచ్చి దూకాల్సిందే" అని చెప్పి కాసేపు ఆగారు. ఆయన ఆ తలుపు ఎన్నిసార్లు నూనె వేసి మూసి తెరిచి చూసి ఉంటారో అప్పుడు మాకు తట్టలేదు.

అయితే బుడగ ఉన్నది కూడా మన దగ్గర ఒకటుందట, ఫొటోలు తీసే పీఆర్-57. తుపాకులుండవు, బాంబులుండవు, పొట్టలో కెమెరాలుంటాయి. 1959 ఏప్రిల్ 10న, ఈద్ రోజు, రావల్పిండి దగ్గర పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు కూల్చింది అలాంటిదాన్నే. అందులో ఇద్దరూ దూకి బతికి బయటపడ్డారు. "ఈ పెట్టెలోదాన్ని దానికింద మార్చొచ్చు. తుపాకుల పెట్టె అతికించకూడదు. ఒళ్లు మాత్రం పద్నాలుగంగుళాలు సాగాలి" అన్నారు మాస్టారు. కెమెరాల చోటు కోసం పీఆర్ రకాన్ని రెక్కల ముందు అంత పొడిగించారట.

బోర్డు మీద లెక్క వేయించారు. పెట్టె మీద 1/72 అని ఉంది కదా, అంటే అంగుళానికి ఆరడుగులు. ఆరడుగుల మనిషి అంగుళం ఉంటాడు. అరవైనాలుగడుగుల రెక్కలు 27 సెంటీమీటర్లు ఉంటాయి. మరి 14 అంగుళాలు ఎంత? ఐదు మిల్లీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ. భిన్నాలంటే పారిపోయే నాలాంటివాడికి కూడా ఆ ఐదు మిల్లీమీటర్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఐదు మిల్లీమీటర్లేగా, ఎవరు చూడొచ్చారు, అలాగే చేసేద్దామని పెట్టె యజమాని అన్నాడు. "నేను చూస్తాగా" అన్నారు మాస్టారు. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇక పని. మొదటి నియమం: చట్రం నుంచి ముక్కని విరవకూడదు, బ్లేడుతో కోయాలి. కోసినచోట మిగిలిన బొడిపెని గరుకు కాగితం మీద తోమాలి. రెండో నియమం: జిగురు ముట్టుకునే ముందు ముక్కల్ని ఉత్తినే అమర్చి చూడాలి. సందు ఉందా, ఎక్కడుంది, ఎందుకుంది? ఆ మూడూ చెప్పగలిగినవాడికే ఆయన జిగురు ట్యూబు ఇచ్చేవారు. ఈ జిగురు మన బంక లాంటిది కాదు. ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి ఒకదానిలోకి ఒకటి కలిపేస్తుంది. వేలికి అంటుకుని ఏ ముక్కని తాకినా దానిమీద మన వేలిముద్ర శాశ్వతం. చేనేత ఇళ్ల నుంచి వచ్చే ఇద్దరు కుర్రాళ్లు మన తరగతిలో ఉండేవాళ్లు, తెగిన పోగు కంటికి కనపడకముందే వేళ్లతో ముడేసేవాళ్లు. అగ్గిపుల్ల కొసన చుక్క జిగురు తీసి చక్రాల తలుపులు అతికించింది వాళ్లే. అద్దపు బుడగకి ఆ జిగురు వాడనివ్వలేదు మాస్టారు. దాని ఆవిరికి అద్దం పాలిపోతుందట. తుమ్మబంకతో అంటించాం.

పొడిగించడం అసలు పని. కాన్‌బెర్రా ఒళ్లు గుండ్రటి గొట్టం, అది మా అదృష్టం. రెండు సగాలూ అతికించి, ఆరనిచ్చి, రెక్కల ముందు దారం చుట్టి గీత గీసి, ఆ గీత వెంట హాక్సా బ్లేడు ముక్కతో మాస్టారే కోశారు. విమానం రెండు ముక్కలైంది. పెట్టె యజమాని మొహం చూడాల్సిందే! మధ్యలో పెట్టే కట్టుకి ప్లాస్టిక్ ఎక్కడిది? పారేయబోయిన చట్రాల పుల్లలే. కొవ్వొత్తి సెగ చూపిస్తే అవి మెత్తబడతాయి. విమానం ఒంటికన్నా కాస్త సన్నమైన చెక్క రూళ్లకర్రకి చుట్టి, చల్లారాక తీసి, రింగులు పక్కపక్కన పేర్చి అతికించాం. సందుల్లోకి లారీల షెడ్డు నుంచి తెచ్చిన లప్పం. ఆరాక వాటర్ పేపరు నీళ్లలో ముంచి తోమడం. మళ్లీ లప్పం, మళ్లీ తోమడం. కళ్లు మూసుకుని గోరుతో రాస్తూ పోతే అతుకు ఎక్కడుందో తెలియకూడదని ఆయన పరీక్ష. కంటికి కనపడనిది గోరుకి తెలుస్తుంది. ఇప్పుడు కూడా కొత్త బీరువా కొంటే ముందు గోరుతో రాస్తాను, మా ఆవిడ నవ్వుతుంది.

ముక్కులో బరువు సంగతి కాగితంలోనే ఉంది. దీని చక్రాలు ముందొక జతా, వెనక రెక్కకొకటీ. రెక్కలూ ఇంజన్లూ వెనక్కి ఉండటంతో బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుంటుంది. ఓడరేవు నుంచి వచ్చేవాడు వలలకి కట్టే సీసం గుళ్లు జేబునిండా తెచ్చాడు. సుత్తితో సాగగొట్టి ముక్కులో కుక్కి లప్పం పెట్టేశాం. కాన్‌బెర్రాలో బంగాళాఖాతం సీసం పడటం ప్రపంచంలో అదొక్కసారే జరిగి ఉంటుంది.

వెండి రంగు ఇనప పెట్టెలకి వేసేదే. డబ్బాలోంచి అలాగే పూస్తే గవ్వపెంకులా గరుకుగా వచ్చింది. మాస్టారు పాత పంచె గుడ్డలో వడగట్టి, టర్పెంటైన్ కలిపి పలచన చేయించారు. గుండ్రాల గుర్తుల్ని సైన్‌బోర్డులు రాసేవాళ్ల అబ్బాయి వేశాడు: బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల పచ్చ. పెట్టెలోని బ్రిటిష్ గుర్తుల స్టిక్కర్లని వాడు తన లెక్కల పుస్తకం అట్టకి అంటించుకున్నాడు.

ఇక్కడే మాస్టారి మనసు నాకు కొంచెం తెలిసింది. విమానం పైభాగం గురించి ఏది అడిగినా ఆయన "అంతే, సాదాగా ఉంటుంది" అనేవారు. తిరగేస్తే చాలు, మాట ఆగేది కాదు. ఇక్కడో తలుపు, ఇక్కడ కీలు, ఈ గీత మీద ఎప్పుడూ నూనె కారేది, ఇక్కడ కెమెరా అద్దం, దాన్ని తుడవడానికి వేరే గుడ్డ. ఆయన కాన్‌బెర్రాని చూసింది కింద వెల్లకిలా పడుకుని. పైలట్లు రాసుకునే జ్ఞాపకాల్లో విమానమంటే మబ్బులూ మీటర్లూ. ఫిట్టరుకి విమానమంటే పొట్ట. అందుకే మన విమానం పైనుంచి చూస్తే ఎవరైనా చేయగల బొమ్మ. పనంతా అడుగునే ఉంది. తోక నిలువు రెక్క ముందు సగాన్ని మాత్రం లోహపు రంగు వేయకుండా కొంచెం తేడాగా వేయించారు. నిజమైన దానికి ఆ ముక్క చెక్కతో చేసిందట. జెట్ బాంబరుకి చెక్క తోక! నేను నమ్మలేదు. చాలా ఏళ్ల తర్వాత చదివితే అక్షరాలా నిజం.

అంతా అయ్యాక, మెరిసిపోతున్న విమానాన్ని ఆయన చేతిలోకి తీసుకుని, లాంతరు చిమ్నీ మసి వేలికి రాసుకుని ఇంజన్ల చుట్టూ పులిమారు. మాకు గుండె ఆగినంత పనైంది. "తూటా పేలిస్తేనేరా ఇంజను తిరిగేది. ఢామ్మంటుంది, నల్లటి పొగ కమ్ముకుంటుంది, కొత్తగా వచ్చినవాడు మంటలనుకుని పరిగెడతాడు. మసి లేదంటే అది ఎగరడం లేదని లెక్క" అన్నారు. అదే ఊపులో గోవా కథ చెప్పారు: 1961 డిసెంబరు 18న కాన్‌బెర్రాలు దబోలిం రన్‌వే మీద బాంబులేశాయి, కానీ టెర్మినల్ భవనం జోలికి పోవద్దని ముందే ఆదేశం. అదే నెలలో కాంగోలో ఐక్యరాజ్య సమితి తరఫున 5వ స్క్వాడ్రన్ కాన్‌బెర్రాలు పనిచేశాయి. ఆయన స్నేహితులు కొందరు వెళ్లారు, ఆయన్ని పంపలేదు. ఇరవై ఏళ్లయినా ఆ ఉక్రోషం పోలేదు.

సైన్స్ ఫెయిర్‌కి పట్టుకెళ్లాం. న్యాయనిర్ణేత ఒకాయన "ఎగురుతుందా?" అని అడిగారు. ఎగరదండీ అన్నాం. బహుమతి పొగ కక్కే అగ్నిపర్వతానికి వెళ్లింది. మా విమానం బీరువాలోకి వెళ్లింది.

1999 మేలో కార్గిల్ దగ్గర ఫొటోలు తీస్తున్న కాన్‌బెర్రాకి క్షిపణి తగిలి ఒక ఇంజను పోతే, మిగిలిన ఇంజనుతో క్షేమంగా దిగిందని పేపర్లో చదివి నేను మాస్టారికి ఫోన్ చేశాను. నేను కంగారుగా చెప్పుకుపోతుంటే ఆయన, "రెండో ఇంజను ఉందిగా" అన్నారు. 2007 మే 11న ఆగ్రాలో వాటన్నిటినీ సర్వీసు నుంచి తప్పించారు. సరిగ్గా యాభై ఏళ్లు. ఆ వార్త చూడటానికి ఆయన లేరు. ఢిల్లీ పాలెం మ్యూజియంలో నిలబెట్టిన కాన్‌బెర్రాని మా అబ్బాయికి చూపించాను. వాడు ముందు నిలబడి ఫొటో తీయమన్నాడు, నేను వంగి పొట్ట కిందకి దూరబోతే కాపలా అతను కేకేశాడు.

ఇంతకీ అసలు విషయం. సైన్సు గది పడగొట్టి కొత్తది కట్టినప్పుడు బీరువా సామానంతా ఎవరెవరి ఇళ్లకో చేరిందని విన్నాను. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరి అటకమీదైనా వెండి రంగు విమానం ఉంటే కాస్త చూడండి. ఎయిర్‌ఫిక్స్ కాన్‌బెర్రాలు చాలా ఉంటాయి, మనది ఆనవాలు పట్టడం తేలికే: ముక్కు నుంచి తోకదాకా కొలిస్తే 28 సెంటీమీటర్లు దాటుతుంది, తుపాకుల పెట్టె ఉండదు, ఇంజన్ల దగ్గర మసి ఉంటుంది. దయచేసి ఆ మసి తుడవకండి. రెక్కల మొదలు దగ్గర పట్టుకోండి, తోక పట్టి ఎత్తకండి. ముక్కులో సీసం ఉంది, ఆ కట్టు దగ్గర విరుగుతుంది.