పిలవని పేరంటం

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి ఒడ్డుకి చేరేలోగా నా ఉద్యోగం ఏమిటో కనీసం ఇద్దరికైనా చెప్పుకోవాల్సి వస్తుంది. ఈ సంక్రాంతికి అడిగినాయన నాన్న స్నేహితుడు, కొబ్బరికాయల వ్యాపారం.

"ఏం అమ్మాయ్, ఇంగ్లండేగా? సాఫ్ట్‌వేరా?"

"కాదు బాబాయ్."

"అయితే నర్సువా?"

"కాదండీ. స్కౌట్స్, గైడ్స్ అని మెడలో రుమాలు కట్టుకుంటారు చూడండి, ఆ పిల్లలకి ఏమేం నేర్పాలో, ఎలా నేర్పాలో తయారు చేసే పని."

ఆయన కాసేపు వశిష్ఠ గోదావరి కేసి చూసి, "దానికి జీతం ఇస్తారేంటి!" అన్నాడు. ఆయ్, ఇస్తారండీ అన్నాను. మా అమ్మ ఈ గొడవంతా పెట్టుకోదు. "పిల్లల ఆఫీసులో చేస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

నేనుండేది లెస్టర్‌లో. సోషల్ వర్క్ చదవడానికి 2020లో వెళ్ళి అక్కడే ఉద్యోగంలో చేరాను. అక్కడ ఆడపిల్లలకి గర్ల్‌గైడింగ్ అనే పెద్ద సంస్థ ఉంది. నేను చేసేది అందులో కాదు, అలాంటిదే ఒక చిన్న సంస్థలో. పేరెందుకు లెండి, జీతం ఇంకా వాళ్ళే ఇస్తున్నారు. నాకప్పగించిన పని కాగితం మీద ఒక్క వాక్యం: 14 నుంచి 18 ఏళ్ళ ఆడపిల్లలు మానేస్తున్నారు, వాళ్ళకి నచ్చేలా కార్యక్రమాన్ని మళ్ళీ తయారు చెయ్యండి.

ఏడెనిమిదేళ్ళ పిల్లలతో మాకు ఇబ్బందే లేదు. వాళ్ళ పేర్లు చేర్చుకోవడానికి చోటుండదు, తల్లులు నెలల తరబడి ఎదురుచూస్తారు. అదే పిల్లలు పధ్నాలుగు దాటగానే ఒక్కొక్కరే జారుకుంటారు. చర్చి హాల్లో పొడవాటి బల్ల, పాత హీటరు, బిస్కట్ల డబ్బా, నలభై ఏళ్ళుగా జీతం భత్యం లేకుండా నడుపుతున్న ఇద్దరు పెద్దావిడలు, ఎదురుగా నలుగురు పిల్లలు. నేను మొదట చూసిన మంగళవారం మీటింగు అది.

నిజానికి ఈ ఉద్యమంలోకి ఆడపిల్లలు పిలవని పేరంటానికే వచ్చారు. స్కౌట్లని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టింది మగపిల్లలకి. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల సభ జరిగితే, కొంతమంది ఆడపిల్లలు స్కౌట్ల వేషంలో తయారై వచ్చేశారు, మేమూ స్కౌట్లమే అని. పొమ్మనలేక, ఉంచుకోలేక మరుసటి ఏడాది వాళ్ళకి వేరే సంస్థ పెట్టి, ఆ బాధ్యత తన చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పగించాడాయన. అప్పటిదాకా తమ దళాలకి జంతువుల పేర్లు పెట్టుకుని తిరిగిన పిల్లలకి పూల పేర్లిచ్చారు. ఆడపిల్లల కోసం జరిగిన మొదటి మార్పు అదే! వాళ్ళు వచ్చింది అడవిలో మంట వేసుకుందామని. చేతికి అందింది పూలు.

మన దేశంలో మొదటి గైడ్ దళం (వాళ్ళ భాషలో 'కంపెనీ') 1911లోనే జబల్‌పూర్‌లో మొదలైంది. ఇక భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది 1950 నవంబరు 7న. ఆడపిల్లల సంఘం వచ్చి అందులో కలిసింది 1951 ఆగస్టు 15న. బ్రిటన్ స్కౌట్లు పెద్ద పిల్లల విభాగంలోకి అమ్మాయిల్ని 1976లో రానిచ్చారు, అన్ని విభాగాల్లోకీ 1991లో. అమెరికాలో బాయ్ స్కౌట్స్ వాళ్ళయితే పదకొండు దాటిన ఆడపిల్లలకి తలుపు తీసింది 2019లో, పేరులోంచి 'బాయ్' తీసింది 2025లో. అందరూ ఆలస్యంగానే వచ్చారు కాబట్టి ఎవరినీ ప్రత్యేకంగా తిట్టుకోవాల్సిన పని లేదు.

మేమూ ఆ పూల తప్పే చేశాం. మా టీములో నలుగురం, అందరం ముప్ఫై దాటినవాళ్ళం. టీనేజి ఆడపిల్లలకి ఏం నచ్చుతుందని మాలో మేమే బల్ల చుట్టూ కూర్చుని తేల్చేసుకున్నాం. గోళ్ళ రంగు, మొహానికి పూత, డైరీ రాసుకోవడం, సన్నటి సంగీతం. లేత గులాబీ రంగు అట్టపెట్టెల్లో సామానంతా సర్ది పంపించాం. ఒక యూనిట్‌లో మొదటి వారం పదకొండు మంది వచ్చారు. మూడో వారానికి ముగ్గురు. నేనే వెళ్ళి ఎందుకు రావట్లేదని అడిగితే, పళ్ళకి క్లిప్పు ఉన్న ఒక పదిహేనేళ్ళ పిల్ల మొహమాటం లేకుండా చెప్పింది: "ఇవన్నీ ఇంట్లో పక్క మీద పడుకుని చేసుకుంటాను. దీనికి వానలో బస్సెక్కి రావాలా?"

ఆ రోజు తిరిగొస్తుంటే సిగ్గేసింది. ఎందుకంటే ఆ పిల్ల చెప్పింది నాకు అంతకు ముందే తెలిసి ఉండాలి.

2003లో నేను తొమ్మిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూల్లో గైడ్‌ని. గైడ్స్‌లో మొదటి రెండు మెట్లు, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అయిపోయాయి. తృతీయ సోపాన్‌కి రాజమండ్రిలో నాలుగు రోజుల క్యాంపు. అప్పటికి నేను పెద్దమనిషినై మూడు నెలలు. "నాలుగు రాత్రులు ఎక్కడో ఎలా పంపుతామే" అంది అమ్మ. గైడ్ కెప్టెన్ టీచరు ఇంటికొచ్చి అడిగారు. నాన్న ఆవిడని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, మర్యాదగా పంపించేశారు. నా యూనిఫాం ట్రంకుపెట్టెలో అడుక్కి చేరింది. నేను మానేసింది కార్యక్రమం నచ్చకనా?

గులాబీ పెట్టెలు వెనక్కి తెప్పించి, ఈసారి పిల్లల్నే అడిగాం. పేర్లు రాయక్కర్లేదు, చీటీ మీద ఏం రాసినా సరే అని. మేం అనుకున్నట్టు కొత్త ఆటలూ, కొత్త బ్యాడ్జీలూ ఎవరూ అడగలేదు. ఎక్కువ చీటీల మీద ఉన్న ప్రశ్న ఒకటే: క్యాంపులో టాయిలెట్ తలుపుకి గడియ ఉంటుందా. తర్వాత, నెలసరి రోజుల్లో ఈత ఉంటే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి. చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడితే తొమ్మిదింటికి ఇంటికి ఎలా వెళ్ళాలి. ఆ యూనిఫాం వేసుకుని స్కూలు పిల్లలకి కనబడకుండా రావడం ఎలా. శనివారం పార్ట్‌టైం ఉద్యోగం ఉంది, పరీక్షలున్నాయి, మీటింగు రోజు మార్చరా. నేర్చుకోవాలని అడిగినవి కూడా ఉన్నాయి, సైకిలు పంక్చరు, జీతం చీటీ చదవడం, నిప్పు రాజెయ్యడం లాంటివి. ఒక చీటీ మీద మాత్రం, "ఒక్కసారైనా ఏదైనా మమ్మల్ని పూర్తిగా చెయ్యనివ్వండి, సగంలో లాక్కోకండి" అని ఉంది. దాన్ని నా డెస్కు మీద అంటించుకున్నాను.

గర్ల్‌గైడింగ్ వాళ్ళు 2018లో తమ కార్యక్రమం అంతా తిరగరాసి ఆరు అంశాల కింద పెట్టారు. తనను తాను తెలుసుకోవడం, మనసులోది చెప్పుకోవడం, ఆరోగ్యం, సాహసం, సమాజం కోసం పని, రేపటికి పనికొచ్చే నైపుణ్యాలు. అది చూసుకుని మేమూ ఏ వారం ఏం చెయ్యాలో చెప్పే కార్డులు రాశాం, మంచివే రాశాం. కానీ ముందు మారినవి గడియలూ, మీటింగు టైమూ. క్యాంపు సామాన్ల పెట్టెలో మందుల పక్కనే ప్యాడ్లు, అడగకుండా తీసుకునేలా. యూనిఫాం బదులు మామూలు హుడీ, జేబు మీద చిన్న గుర్తు. వీటి కోసం నేను నింపిన ఫారాలు చూస్తే మా తాసీల్దారు ఆఫీసు గుమాస్తా కూడా జాలిపడతాడు.

ఇదంతా అయ్యాక ఒక తెలుగాయన ఫోన్ చేశారు. భీమవరం వైపు మనిషి, కూతురికి పదిహేను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా యాస పట్టేసి, వెంటనే తెలుగులోకి దిగిపోయారు.

"రాత్రిపూట టెంటులోనా అండీ పిల్లలు?"

"అవునండీ."

"మీకు ఆడపిల్లలున్నారా అండీ?"

ఆఫీసులో నేర్పిన జవాబు ఒకటుంది, అది చెప్పలేదు. మా నాన్న కాఫీ ఇప్పించి పంపేసిన సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆదివారం కుటుంబంతో సహా క్యాంపు స్థలానికి రమ్మన్నాను. ఆయన భార్య నేరుగా బాత్రూముల వైపు నడిచింది. ఆయన, పిల్లలతో ఉండే ఇద్దరు ఆడవాళ్ళ మీద పోలీసు రికార్డు విచారణ జరిగిందా అని అడిగి, జరిగిన కాగితం చూసి, పక్కనున్న చెరువు లోతెంత అని మూడుసార్లు అడిగారు. పిల్ల క్యాంపుకి వచ్చింది.

ఆ క్యాంపు ఖర్చుకి 200 పౌండ్లు అమ్మాయిల చేతికే ఇచ్చి, మేం నోరు మూసుకోవాలని ఒప్పందం. పన్నెండు మందికి మూడు రోజులకని వాళ్ళు కొన్నవి చూసి నా గుండె జారింది. పాస్తా కొండంత, ఉల్లిపాయలు రెండు. మొదటి రాత్రి అన్నం అడుగంటి పొగలు కమ్మితే, పెద్దావిడల్లో ఒకావిడ లేవబోయింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మాడిన గిన్నె చుట్టూ నలుగురు చేరి, దీన్ని ఎవరు తోమాలా అని అరగంట వాదించుకున్నారు. చివరికి అందరూ వంతుగా తోమారు. అర్ధరాత్రి వానకి టార్పాలిన్ ఒక మూల ఊడిపోతే మాత్రం నేను ఆగలేకపోయాను. దూడ మెడకి బిగుసుకోకుండా, ఊడకుండా మా నాన్న వేసే ముడి ఒకటి నా చేతికి అలవాటు, అది వేసేశాను. పొద్దున ఆ పెద్దావిడ చూసి, "చక్కటి బౌలైన్ వేశావే" అంది. ఏళ్ళ తరబడి కాగితాల్లో ఆ పేరు రాస్తున్నాను, అది మా పశువులపాకలో ముడేనని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మా పైవాళ్ళు మార్పుల్లో సగం ఒప్పుకున్నారు. డబ్బు పిల్లల చేతికివ్వడం "ఇంకా పరిశీలనలో" ఉంది. ఆ మాటకి మన ఆఫీసుల్లో ఏ అర్థమో అక్కడా అదే.

ఈసారి ఊరికి వస్తూ ఆ కార్డులు ఒక కట్ట తెచ్చాను. పిన్ని అరుగు మీద లేసు పనిలో ఉంది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, పిన్నికి వచ్చేది మాత్రం పాత లెక్కలోనే, ఏజెంటు ఇచ్చినంతే. ఆవిడది అతుకుపని. వేరే ఇళ్ళలో ఆడవాళ్ళు విడివిడిగా అల్లిన పూలని ఒకదానికొకటి కలుపుతూ బల్లగుడ్డ చేస్తుంది. ఎడమచేతి చూపుడువేలికి దారం రెండు చుట్లు, కుడిచేతిలో కొక్కెం సూది. పువ్వు అంచులో సూది గుచ్చి, పక్క పువ్వు అంచులోంచి దారం లాగి, చూడకుండానే ముడేసేస్తుంది. ఎక్కడ అతికిందో వెతికినా కనబడదు. నేను కార్డులు చదివి వినిపిస్తుంటే చెయ్యి ఆపకుండా వింది.

"పువ్వులన్నీ బానే ఉన్నాయే. అతుకు ఏదీ?"

"అంటే?"

"ఈ వారం ఇది, పైవారం అది. దేనికి దేంతో సంబంధం? ఊరికే పువ్వులిస్తే ఎవరు కొంటారు?"

ఆరు నెలలు ముగ్గురు కన్సల్టెంట్లు పట్టుకోలేని లోపం. నాకు లండన్‌లో రోజుకింత అని వాళ్ళకి కట్టిన ఫీజు గుర్తొచ్చి కడుపు మండింది.

మా అన్నయ్య కూతురికి పధ్నాలుగు, తొమ్మిదో తరగతి, వాళ్ళ స్కూల్లో గైడ్. కార్డులన్నీ తిరగేసి, "ఇందులో మగపిల్లలకి పనికిరానిది ఏముందత్తా?" అంది. నువ్వయితే ఏం పెడతావే అంటే ఆలోచించకుండా చెప్పింది: "ఈత."

చుట్టూ నీళ్ళే మాకు. ఒక పక్క గోదావరి పాయ, ఇంకో పక్క కాలవ, కాస్త దూరంలో అంతర్వేది దగ్గర సముద్రం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి వరదొస్తే, లంకల్లో జనం పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని ఏటిగట్టు ఎక్కారు. అయినా మా వీధిలో నా తరం ఆడపిల్లల్లో ఈత వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మగపిల్లలు లాకుల దగ్గర దూకుతుంటే మేం గట్టు మీద వాళ్ళ చొక్కాలు కాపలా కాసేవాళ్ళం. నేను ఈత నేర్చుకున్నది ముప్ఫై రెండేళ్ళ వయసులో, లెస్టర్‌లో ఒక ఈతకొలనులో, ఆరేళ్ళ తెల్లపిల్లల పక్కన నడుముకి బెండ్లు కట్టుకుని. ఈ ముక్క చెబితే మేనకోడలు పడీపడీ నవ్వింది. నవ్వు ఆపాక పుస్తకంలోంచి మడిచిన కాగితం తీసింది. తృతీయ సోపాన్ క్యాంపు, నాలుగు రోజులు, తల్లిదండ్రుల సంతకం.

అన్నయ్య కాగితం రెండు వైపులా చదివాడు. "పండగెళ్ళాక చూద్దాంలే" అన్నాడు. వదిన ఏమీ అనలేదు. నేను నోరు తెరవబోతుంటే, పొయ్యి దగ్గర్నించి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ టీచరుకి ఫోన్ కలపరా. బాత్రూములకి లోపల గడియలున్నాయో లేదో అడుగు."

అన్నయ్య అలాగే చూస్తున్నాడు.

"దీనప్పుడు కూడా అదే అడుగుదామనుకున్నాను. కాఫీ తాగుతూ కూర్చున్నారు ఆవిడ, పక్కన మీ నాన్న. అడగడానికి నోరు రాలేదు."

అమ్మ నా వైపు చూడలేదు. అన్నయ్య ఫోన్ తీసి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.