ముసలి పిల్లికి ఇంట్లోనే సెలైన్: నా అనుభవం

మా పిల్లికి పదమూడేళ్లు దాటాయి. అది నీళ్ల గిన్నెను వదలడం లేదని ముందు గమనించింది మా అబ్బాయి. నాకు తేడా తెలిసింది లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె) శుభ్రం చేసేటప్పుడు. మూత్రంతో ఇసుక గడ్డకట్టి నిమ్మకాయంత అయ్యే ఉండలు నారింజంత అయ్యాయి. వీపు నిమిరితే ఎముకలు చేతికి తగులుతున్నాయి.

దాహం ఎక్కువైంది, బరువు తగ్గింది అనగానే డాక్టరుగారు మూడు అనుమానాలు చెప్పారు: కిడ్నీ, షుగర్, థైరాయిడ్. ముసలి పిల్లుల్లో మూడూ ఇలాగే కనిపిస్తాయి. రక్తం, మూత్రం పరీక్షించి బీపీ కూడా చూశారు. పిల్లికి బీపీ ఏమిటని నవ్వొచ్చింది గానీ, అది బాగా పెరిగితే ఉన్నట్టుండి చూపు పోవచ్చని విన్నాక నోరు మూసుకున్నాను. షుగర్ కాస్త ఎక్కువ చూపించింది. ఆసుపత్రి టెన్షన్‌కే పిల్లుల్లో షుగర్ పెరుగుతుంది, మూత్రంలో మాత్రం లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టారు. థైరాయిడ్ బాగానే ఉంది. కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, 3.4 వచ్చింది, మళ్లీ చూసినా దాదాపు అంతే. 2.9 నుంచి 5 దాకా ఉంటే కిడ్నీ జబ్బు మూడో దశ, మొత్తం నాలుగు దశలు. క్రియాటినిన్ పెరిగి బయటపడేసరికే కిడ్నీల శక్తి ముప్పాతిక వంతు పోయి ఉంటుందట. "నయం కాదమ్మా, కానీ నెమ్మదించేలా చేయొచ్చు" అన్నారు డాక్టరుగారు.

రోజూ 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ చర్మం కింద ఎక్కించాలన్నారు. నరం వెతకక్కర్లేదు, అదొక్కటే నాకు ధైర్యం. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ సందులోకి సూది పెట్టాలి. ద్రవం మూపు మీద బొడిపెలా నిలుస్తుంది, ఒక్కోసారి ముందుకాలి వైపు జారుతుంది, కొన్ని గంటల్లో ఒంటికి పట్టేస్తుంది. బ్యాగును గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, నాలుగు చుక్కలు మణికట్టు మీద వేసుకుని చూసేదాన్ని. చల్లగా ఎక్కిస్తే దానికి అస్సలు నచ్చదు. ప్రతిసారీ కొత్త సూది వాడాలి, మొద్దుబారిన సూదే అసలు నొప్పి. బ్యాగు ఎంత ఎత్తున ఉంటే అంత తొందరగా అయిపోతుంది కాబట్టి మా అబ్బాయి కుర్చీ ఎక్కి పట్టుకునేవాడు. వీడియోల్లో పిల్లులు ధ్యానంలో కూర్చున్నట్టు ఉంటాయి. మాది ఆ వీడియోలు చూసినట్టు లేదు. ఒక్కోసారి సూది చర్మాన్ని దాటుకుని అవతలికి వచ్చేసి బొచ్చంతా తడిసిపోయేది. ఎక్కించేటప్పుడు మాత్రమే దొరికే క్రీమ్ ట్రీట్ ఒకటి పెట్టుకున్నాక, సూది కనబడితే అదే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

నిజానికి సూది చిన్న విషయం. అసలు యుద్ధం తిండి దగ్గర.

కిడ్నీ పిల్లుల ఆహారంలో ఫాస్ఫరస్ తక్కువ ఉంటుంది, మాంసకృత్తులూ మితంగా ఉంటాయి. మంచిదే, కానీ తినాలి కదా. మాది గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని వెనక్కి తిరిగేది. అది పెంకితనం కాదు, వికారం. ఆ స్థితిలో కొత్త ఆహారం పెడితే, ఆ వికారాన్ని ఆ రుచికి అంటగట్టి తర్వాత ముట్టదు. అందుకే ముందు వికారం తగ్గే మందు, ఆకలికి చెవి లోపలి వైపు రాసే మందు ఇచ్చారు. అన్నాళ్లూ పాత ఆహారమే పెట్టాం. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే పొడి అందులో కలిపాం. అది తిండితో పాటు లోపలికి వెళ్తేనే పనిచేస్తుంది. ఆకలి తిరిగొచ్చాకే కొత్తదాన్ని చెంచా చెంచాగా కలుపుతూ కొన్ని వారాల్లో మార్చాం. నన్నడిగితే, పిల్లి తినని సరైన ఆహారం కంటే తినే పాత ఆహారమే నయం. పిల్లులు వరసగా రోజులపాటు తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి అదో కొత్త ప్రమాదం అవుతుంది.

ఇప్పుడు వారానికోసారి పసిపిల్లల తూకం యంత్రం మీద బరువు చూస్తాం. అది నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెడతాను. ఒంట్లో ద్రవం ఎక్కువైతే, ముఖ్యంగా గుండె బలహీనంగా ఉంటే, ముందు ఊపిరే చెబుతుంది. నిమిషానికి ముప్పై దాటితే ఆ పూట సెలైన్ ఆపి వెంటనే ఫోన్ చేయమన్నారు. మెడ వాలిపోయినట్టుంటే పొటాషియం తగ్గిందేమో చూడాలట. పోయిన పరీక్షలో పొటాషియం, బీపీ రెండూ సరిగ్గానే ఉన్నాయి, క్రియాటినిన్ పెరగలేదు. సెలైన్‌ను రోజు విడిచి రోజుకు తగ్గించారు.